ఆక్సిజన్ ఫ్రీ రాడికల్స్ - తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో ఇరవై రెండేళ్లుగా డిగ్రీ విద్యార్థులకు జీవరసాయన శాస్త్రం చెబుతున్నాను. పోయిన ఏడాది తిప్పర్తి వైపు నుంచి బత్తాయి తోట రైతు ఒకాయన, మా పాత విద్యార్థి తండ్రి, ఒక పొడి డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చారు. ఫంక్షన్ హాల్లో ఎవరో సమావేశం పెట్టి అమ్మారట. నెలకు రెండు వేల ఎనిమిది వందలు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘ఫ్రీ రాడికల్స్‌ను నిర్మూలిస్తుంది’ అని ఉంది. "ఇవి ఒంట్లో ఉంటే క్యాన్సర్ వస్తుందట గదా సార్" అని అడిగారు. ఆ మాటలో ఉన్న భయం నన్ను చాలా రోజులు వదల్లేదు. అప్పటి నుంచి ఊళ్లలో మాట్లాడే అవకాశం దొరికినప్పుడల్లా ఈ విషయమే ఎత్తుకుంటున్నాను. అక్కడ వచ్చిన ప్రశ్నలూ నా జవాబులూ ఇవి. నేను వైద్యుణ్ని కాను. మందుల మార్పులేవైనా మీ డాక్టరును అడిగాకే చేయండి.

అసలు ఫ్రీ రాడికల్ అంటే ఏమిటి?

అణువుల్లో ఎలక్ట్రాన్లు సాధారణంగా జంటలుగా ఉంటాయి, కాడికి రెండు ఎద్దులు కట్టినట్టు. ఏ కారణం చేతనైనా ఒక ఎలక్ట్రాన్ ఒంటరిగా మిగిలిపోతే ఆ అణువు నిలకడగా ఉండలేదు. పక్క అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. దీని కాడి నిండుతుంది కానీ పక్కదాని కాడి ఖాళీ అవుతుంది. అది ఇంకోదాని మీద పడుతుంది. ఇలా ఒకటి మొదలైతే వరుసగా సాగిపోయే గొలుసు ఇది. ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న ఇలాంటి అణువునే ఫ్రీ రాడికల్ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో స్వేచ్ఛా ప్రాతిపదిక అని రాస్తారు. కర్బన సమ్మేళనాల్లో ఇలాంటిది ఉండగలదని 1900లో మోజెస్ గోంబర్గ్ అమెరికాలో మొదటిసారి చూపించాడు. అప్పట్లో చాలామంది నమ్మలేదు.

ఆక్సిజన్ లేకపోతే బతకలేం. మరి దాన్నుంచే ఇవి ఎలా పుడతాయి?

మనం తిన్న అన్నం, జొన్న రొట్టె చివరికి కణాల్లోని మైటోకాండ్రియా అనే శక్తి గదుల్లో ‘కాలుతుంది’. ఆ శక్తి ఏటీపీ అనే అణువు రూపంలో నిల్వ అవుతుంది. ఆ ఏటీపీని 1929లో అమెరికా శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి కండరాల నుంచి వేరు చేసింది మన యల్లాప్రగడ సుబ్బారావే. ఈ మాట చెప్పకుండా నేను ఈ పాఠం దాటను.

ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లను చివర్లో అందుకునేది ఆక్సిజన్. నాలుగు ఎలక్ట్రాన్లు పూర్తిగా అందితే అది నీరవుతుంది, ఏ ఇబ్బందీ లేదు. కానీ దారిలో కొన్ని ఎలక్ట్రాన్లు కారిపోతాయి, కాలువ గట్టు నుంచి నీళ్లు ఊరినట్టు. ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే అందిన ఆక్సిజన్‌ను సూపర్ ఆక్సైడ్ అంటారు. రెండు అందితే హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇది నిజానికి ఫ్రీ రాడికల్ కాదు, కానీ ఆ కుటుంబంలోదే. మూడు అందితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. వీటన్నిటిలో ప్రమాదకరమైనది అదే. దాని ఆయుష్షు సెకనులో వంద కోట్లవ వంతు. పుట్టిన చోటే, చేతికందినదాన్ని పట్టుకుని పాడు చేస్తుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మాత్రల విషయం వచ్చినప్పుడు పనికొస్తుంది.

పీల్చిన ఆక్సిజన్‌లో 1-2 శాతం ఇలా కారిపోతుందని పాత పుస్తకాలు రాసేవి. అసలు లెక్క అంతకన్నా బాగా తక్కువని తర్వాతి కొలతల్లో తేలింది.

మరి రోజూ పుడుతుంటే మనం ఎలా బతుకుతున్నాం?

కాపలా ఉంది కాబట్టి. మోకాలు గీసుకుపోయినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుస్సుమని తెల్లటి నురగ వస్తుంది, చూసే ఉంటారు. ఆ నురగలో ఉన్నది ఆక్సిజన్ బుడగలు. మన రక్తంలోని కెటలేజ్ అనే ఎంజైమ్ (రసాయన చర్యలను వేగంగా జరిపించే ప్రోటీన్) పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతోందన్నమాట. ఒక్కో కెటలేజ్ అణువు సెకనుకు లక్షల పెరాక్సైడ్ అణువులను విరిచేస్తుంది. తరగతిలో పచ్చి బంగాళదుంప ముక్క మీద పెరాక్సైడ్ చుక్కలు వేసి చూపిస్తాను, అదే నురగ వస్తుంది. మొక్కకూ అదే కాపలా. (ఇప్పుడు గాయాలకు పెరాక్సైడ్ పదే పదే వాడవద్దంటున్నారు. కొత్తగా పుట్టే చర్మ కణాలు కూడా దెబ్బతింటాయి. శుభ్రమైన నీళ్లతో కడిగితే చాలు.)

కెటలేజ్ కన్నా ముందు పనిచేసేది సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, సూపర్ ఆక్సైడ్‌ను పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైమ్. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ దీని పని ఏమిటో కనిపెట్టారు. అంతకు ముప్పై ఏళ్ల ముందే పశువుల రక్తం నుంచి ఈ ప్రోటీన్‌ను వేరు చేసి పెట్టుకున్నారు, అది దేనికో మాత్రం ఎవరికీ తెలియదు. దీనికి రాగి, జింక్, మాంగనీస్ కావాలి. కణంలోనే తయారయ్యే గ్లూటాథయోన్ అనే చిన్న అణువుతో పనిచేసే మరో ఎంజైమ్‌కు సెలీనియం కావాలి. ఈ ఎంజైములన్నీ మన కణాలు సొంతంగా తయారు చేసుకునేవే, డబ్బాలో దొరికేవి కావు.

ఫ్రీ రాడికల్స్ అన్నీ చెడ్డవేనా?

కాదు. ఈ పేజీ అంతటిలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

పుండులోకి సూక్ష్మజీవి చొరబడితే మన తెల్ల రక్త కణాలు దాన్ని మింగి, దాని మీద కావాలనే సూపర్ ఆక్సైడ్ కుమ్మరిస్తాయి. దాన్నుంచి హైపోక్లోరస్ ఆమ్లం కూడా తయారవుతుంది. ఊరి బావిలో బ్లీచింగ్ పౌడర్ చల్లితే నీళ్లలో క్రిములను చంపేది ఆ పదార్థమే. మన ఒంట్లో సూక్ష్మజీవులను మింగే తెల్ల కణాల దగ్గర అది తయారయ్యే ఏర్పాటు ఉంది. పుట్టుకతోనే ఈ ఏర్పాటు లేని పిల్లలు కొందరుంటారు. వారికి ఒకదాని వెనుక ఒకటి తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వస్తూనే ఉంటాయి. ఫ్రీ రాడికల్స్ చేయలేని శరీరం పరిస్థితి అది.

నైట్రిక్ ఆక్సైడ్ కూడా ఫ్రీ రాడికలే. రక్తనాళాలను వదులు చేసి బీపీని అదుపులో ఉంచేది అదే. ఆ సంగతి తేల్చినందుకు ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ వచ్చింది. కాబట్టి ‘నిర్మూలిస్తుంది’ అని ఎవరైనా అంటే, నిజంగానే నిర్మూలిస్తే మనం బతకమని చెప్పండి.

అయితే జబ్బులు వస్తాయనడం అబద్ధమా?

అబద్ధం కాదు. పుట్టేవి ఎక్కువై కాపలా చాలనప్పుడు కణాల పొరల్లోని కొవ్వు, ప్రోటీన్లు, డీఎన్ఏ దెబ్బతింటాయి. ఈ స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. రక్తనాళాల్లో పేరుకునే చెడు కొలెస్ట్రాల్ ఆక్సీకరణ చెందడం, చక్కెర వ్యాధిలో నరాలు, కిడ్నీలు దెబ్బతినడం, కంటి శుక్లం, గుండెపోటులో మూసుకున్న నాళం తెరుచుకున్నాక కండరానికి జరిగే అదనపు నష్టం, వీటన్నిటిలో దీని పాత్ర ఉంది. రేడియేషన్ చికిత్స క్యాన్సర్ కణాన్ని చంపేది కూడా చాలావరకు ఇలాగే, కణంలోని నీటిని చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టించడం ద్వారా. ఆక్సిజన్ విషానికీ ఎక్స్‌రే దెబ్బకూ మూలం ఒకటేనని 1954లో చెప్పింది రెబెకా గెర్ష్‌మన్ అనే అర్జెంటీనా శాస్త్రవేత్త. రెండేళ్లకు డెన్హమ్ హార్మన్ ముసలితనానికి కూడా ఇదే కారణమన్నాడు. ఆ సిద్ధాంతానికి చాలా పేరొచ్చింది కానీ, వృద్ధాప్యాన్ని ఈ ఒక్కదానితో వివరించలేమని ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తారు.

జబ్బులో పాత్ర ఉండటం వేరు, జబ్బుకు ఏకైక కారణం కావడం వేరు. అమ్మేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తారు.

గడ్డిమందుకూ ఫ్రీ రాడికల్స్‌కూ సంబంధం ఉందా?

ఉంది. మన జిల్లాల్లో ఈ పాఠం అందరికంటే ముందు తెలియవలసింది పత్తి రైతులకు. పత్తి చాళ్ల మధ్య, తోటల్లో కొట్టే కలుపు మందుల్లో పారాక్వాట్ డైక్లోరైడ్ ఒకటి. మందుల దుకాణంలో ఏది అడిగినా గడ్డిమందనే అంటారు, కానీ అన్నీ ఒకటి కాదు. సీసా మీద పేరు చదవండి.

కొట్టిన ఒకటి రెండు రోజులకే గడ్డి మాడిపోవడానికి కారణం ఫ్రీ రాడికల్సే. పారాక్వాట్ ఆకులో ఒక ఎలక్ట్రాన్‌ను అందుకుని ఆక్సిజన్‌కు అంటగడుతుంది. సూపర్ ఆక్సైడ్ పుడుతుంది. పారాక్వాట్ మాత్రం ఖర్చు కాదు, మళ్లీ ఖాళీ చేతులతో వెనక్కి వచ్చి ఇంకో ఎలక్ట్రాన్ అందుకుంటుంది. ఇలా ఒక్క అణువే లెక్కలేనన్ని రాడికల్స్‌ను పుట్టిస్తుంది. మనిషి ఒంట్లోకి పోతే జరిగేదీ అదే. పైగా ఊపిరితిత్తుల కణాలు దీన్ని వెతికి పట్టుకున్నట్టు లోపలికి లాక్కుంటాయి. అక్కడ ఆక్సిజన్‌కు కొదవ లేదు.

దీనికి విరుగుడు లేదు. మొదటి రోజు మనిషి మామూలుగా మాట్లాడుతుంటాడు, నోట్లో పుండ్లు తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. ‘బాగానే ఉన్నాడు’ అని ఇంట్లోవాళ్లు ధైర్యపడతారు. కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతినడం తర్వాతి రోజుల్లో బయటపడుతుంది. మరో మాట. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టడం లేదని బంధువులు డాక్టర్లతో గొడవకు దిగుతుంటారు. ఈ విషంలో ఆక్సిజన్ నిప్పులో నెయ్యి పోసినట్టే. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప పెట్టరు. డాక్టరు నిర్లక్ష్యం కాదది, ఈ పాఠం తెలిసి చేస్తున్న పని.

ఐరోపా సంఘంలో 2007 నుంచి దీని వాడకం లేదు. నాకు వ్యక్తిగతంగా ఇది మన పొలాల్లో కూడా ఉండకూడదనే ఉంది. ఉన్నంతకాలం ఈ జాగ్రత్తలు పాటించండి: కారే పంపు వీపున వేసుకోవద్దు. చేతులకు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. ఒంటి మీద పడితే వెంటనే బట్టలు విప్పి సబ్బు నీళ్లతో బాగా కడుక్కోండి. నీళ్ల సీసాలోకి, మద్యం సీసాలోకి ఎప్పుడూ ఒంపి పెట్టవద్దు. ఒక్క గుక్క పొరపాటున నోట్లోకి పోయినా, ఉమ్మేసినా సరే, లక్షణాల కోసం ఎదురు చూడకుండా సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేదని అనిపిస్తే ఈ సీసాలు ఇంట్లో లేకుండా చేయడం మొదటి పని. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర లేదు.

మన ఫ్లోరైడ్ జబ్బు కూడా ఫ్రీ రాడికల్స్ వల్లేనా?

ఫ్లోరోసిస్‌లో ప్రధానంగా జరిగేది వేరు. ఫ్లోరైడ్ ఎముక, పంటి ఖనిజంలోకి చేరి దాని నిర్మాణాన్నే మార్చేస్తుంది. మర్రిగూడ వైపు వంగిపోయిన నడుములు, మడత పడని మోకాళ్లు చూసినవాళ్లకు ఇది పుస్తకం చెప్పనక్కర లేదు. దానికి తోడు ఫ్లోరైడ్ ఎక్కువైన జంతువుల కణజాలాల్లో ఆక్సీకరణ ఒత్తిడి పెరిగినట్టు ప్రయోగాల్లో కనబడింది. అంతమాత్రాన యాంటీ ఆక్సిడెంట్ (రాడికల్స్‌కు ఎలక్ట్రాన్ ఇచ్చి అడ్డుకునే పదార్థం) మాత్రతో ఫ్లోరోసిస్ తగ్గుతుందని ఎవరైనా అమ్మితే కొనకండి. మందు నీళ్లలోనే ఉంది: ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించని నీరు తాగాలి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరుంది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు దీన్ని రూపొందించారు. ఇప్పుడు మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీరు వస్తోంది కాబట్టి, తాగడానికీ వంటకూ ఆ నీరే వాడండి, రుచి కోసం పాత బోరుకు పోవద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కనవుతుంది.

యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు, పొడులు వేసుకోవచ్చా?

లోపం ఉందని డాక్టరు రాస్తే వేసుకోండి. ‘ఎందుకైనా మంచిది’ అని మాత్రం వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను.

ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషుల మీద పెద్ద పరిశోధన జరిగింది. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ను రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్రగా ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశ. 1994లో ఫలితం వచ్చింది: మాత్ర వేసుకున్నవారిలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. నమ్మలేకపోయారు. అమెరికాలో అప్పటికి అలాంటిదే మరో పరిశోధన నడుస్తుండేది. అక్కడ 28 శాతం ఎక్కువ కనిపించడంతో 1996లో గడువుకు ముందే ఆపేశారు. తర్వాత విటమిన్ ఇ వంతు వచ్చింది. ముప్పై అయిదు వేల మందికి పైగా పురుషుల్లో, రోజుకు 400 యూనిట్లు వేసుకున్నవారికి ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేలింది.

ఎందుకిలా? హైడ్రాక్సిల్ రాడికల్ ఆయుష్షు ఎంతో పైన చెప్పాను. అంత తక్కువ కాలంలో దాన్ని పట్టుకోవాలంటే మాత్రలోని పదార్థం సరిగ్గా ఆ చోట, పక్కనున్న వేల అణువుల కన్నా ఎక్కువగా ఉండాలి. అది జరిగే పని కాదు. శరీరం అసలు ఉపాయం హైడ్రాక్సిల్‌ను పట్టుకోవడం కాదు, అది పుట్టకముందే పెరాక్సైడ్‌ను తీసేయడం. ఆ పని ఎంజైములది. ఇక ఒక ఎలక్ట్రాన్ ఇచ్చిన యాంటీ ఆక్సిడెంట్ తానే ఒక బలహీనమైన రాడికల్ అవుతుంది. దాన్ని తిరిగి సరిచేసే ఏర్పాటు చుట్టూ లేకపోతే అదే భారం. పండులో, ఆకులో ఆ ఏర్పాటు అంతా కలిసి ఉంటుంది. మాత్రలో ఒక్కటే ఉంటుంది.

మరి ఏం తినాలి?

కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. కార్తీకంలో ఉసిరి, వానాకాలం చివర బాలానగర్ సీతాఫలం, మన బత్తాయి, జామ, పుంటికూర, మునగాకు, జొన్న రొట్టె, పప్పు, ఓ గుప్పెడు పల్లీలు. జామకాయలో విటమిన్ సి బత్తాయి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, ధర చూస్తే తక్కువ. బత్తాయిని రసం తీసి చక్కెర కలపకుండా తొనలుగా తినండి. చక్కెర వ్యాధి ఉన్నవారు సీతాఫలం కొలత చూసుకుని తినాలి.

బజ్జీల నూనె మళ్లీ మళ్లీ కాచితే?

ఇక్కడ ఫ్రీ రాడికల్స్ గొలుసును ముక్కుతోనే పసిగట్టవచ్చు. పాతబడ్డ పల్లీ నూనె ముక్కిన వాసన రావడం అంటే దానిలోని కొవ్వు ఆక్సీకరణ చెందిందన్నమాట. వేడి, గాలి, వెలుతురు తగిలే కొద్దీ వేగం పెరుగుతుంది. కాచిన నూనె నల్లబడి, జిగటగా మారి, నురగ కడుతుంటే పారబోయండి. హోటళ్లలో వాడిన నూనెలో చెడిన పదార్థాలు 25 శాతం దాటకూడదని 2018 జూలై నుంచి నియమం ఉంది. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు కాబట్టి కళ్లూ ముక్కే ఆధారం.

ఇనుము ఫ్రీ రాడికల్స్‌ను పెంచుతుందట. గర్భిణి ఐరన్ మాత్రలు మానేయాలా?

మానవద్దు. ఇనుము, పెరాక్సైడ్ కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టే మాట నిజమే. ఈ చర్యను 1894లో ఫెంటన్ వర్ణించాడు. అందుకే శరీరం ఇనుమును విడిగా తిరగనివ్వదు, ప్రోటీన్లలో పెట్టి తాళం వేస్తుంది. రక్తహీనతతో కాన్పుకు వెళ్లే ప్రమాదం ముందు ఈ భయం లెక్కలోకి రాదు. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఇచ్చిన మాత్రలు వేసుకోండి.

పసిపాప బట్టల పెట్టెలో కలరా ఉండలు వేయవద్దంటారు, ఎందుకు?

ఈ ప్రశ్న ఒక్కరే అడిగారు, మక్తల్ దగ్గర ఒక అమ్మమ్మ. అందరూ అడగవలసిన ప్రశ్న అని ఇక్కడ పెడుతున్నాను. కొందరు పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో తక్కువగా ఉంటుంది. ఎర్ర రక్త కణానికి ఆక్సీకరణ నుంచి రక్షణ అంతా దాని చలవే. కలరా ఉండల్లోని నాఫ్తలిన్ అలాంటి పిల్లల రక్తకణాలను పగలగొడుతుంది. పాప పసుపుగా మారుతుంది, మూత్రం ముదురు రంగులో వస్తుంది. పెట్టెలో దాచిన పాత శాలువా తీసి నేరుగా పాపకు చుట్టవద్దు. ఉతికి, ఎండలో బాగా ఆరేయండి. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ కూడా ఇలాంటివారికి ప్రమాదకరం కాబట్టి, లోపం ఉన్నట్టు తెలిస్తే డాక్టరుకు ముందే చెప్పండి.

ఆక్సిజన్ ఎక్కువ పెట్టినా ప్రమాదమా?

అవును, అది కూడా మందే, మోతాదు ఉంది. నెలలు నిండని పిల్లలకు ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చిన 1940ల్లో, 50ల్లో పాశ్చాత్య దేశాల్లో వేలమంది చూపు కోల్పోయారు. అందుకే ఇప్పుడు పాప కాలికి మీటరు పెట్టి కొలిచి ఇస్తారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు డాక్టరు చెప్పిన తేదీకి కంటి పరీక్ష చేయించడం మరవద్దు.

బీడీ, కట్టెల పొయ్యి పొగ?

బీడీ ఒక్క దమ్ములో లోపలికి పోయే రాడికల్స్‌కు లెక్క లేదు, వాటికి తోడు ఆ పొగ ఊపిరితిత్తుల్లో మంట రేపి ఇంకా పుట్టిస్తుంది. పొయ్యి పొగ కూడా అంతే. ఈ పేజీలో డబ్బు ఖర్చు లేకుండా రాడికల్స్ తగ్గించే ఉపాయం ఏదైనా ఉంటే అది బీడీ మానడం.

కష్టపడి పని చేస్తే రాడికల్స్ పెరుగుతాయి గదా, మరి వ్యాయామం మంచిదెలా అవుతుంది?

పెరుగుతాయి, ఆ పెరుగుదల చూసే శరీరం తన కాపలా ఎంజైములను పెంచుకుంటుంది. 2009లో జర్మనీ పరిశోధకులు యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. కొందరికి విటమిన్ సి, ఇ మాత్రలు ఇచ్చారు. మాత్రలు వేసుకోనివారిలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది. వేసుకున్నవారిలో ఆ మేలు కనబడలేదు. శరీరానికి అందవలసిన కబురును మాత్ర మధ్యలో ఆపేసిందన్నమాట.

ఒంట్లో ఫ్రీ రాడికల్స్ ఎన్ని ఉన్నాయో పరీక్ష చేయించుకోవాలా?

అవసరం లేదు. ఆ డబ్బుతో చక్కెర, బీపీ చూపించుకోండి.

సగం వాడిన డబ్బా ఉంది, ఏం చేయాలి?

తిప్పర్తి రైతు ఆఖరున అడిగింది ఇదే. మాటల్లో మాటగా ఇంకో సంగతి బయటపడింది. పొడికి డబ్బులు సర్దడం కోసం ఆయన చక్కెర మాత్రలను రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. చక్కెర పెరిగితే కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది. అంటే దేన్ని తగ్గించాలని కొన్నారో అదే పెరుగుతోంది. మర్నాడే పరగడుపున రక్తపరీక్ష చేయించాం. 262 వచ్చింది. డబ్బా నా దగ్గరే వదిలేసి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాత్రలు మళ్లీ రోజూ మొదలుపెట్టారు. మూడు నెలల తర్వాత సంచి నిండా బత్తాయిలు తెచ్చి, కొత్త రిపోర్టు నా చేతిలో పెట్టారు. 138.